మడుగు యాప్‌కి అనుభవం ఉన్నవాళ్ళు కావలెను

ఎర్రకొండ వెనక అడవిలో ఉన్నది ఒక్కటే మడుగు. తాగే నోళ్ళు మాత్రం చాలా. పూర్వం ఎవరికి దాహం వేస్తే వాళ్ళు వచ్చి తాగేవారు, వచ్చినవాళ్ళలో కొందరు తిరిగి వెళ్ళేవారు కాదు. ఈ పద్ధతి చిరుతపులికి తప్ప ఎవరికీ నచ్చలేదు. అందుకని గిజిగాడు ఒక యాప్ కట్టాడు. ఎవరు ఏ వేళకి, ఏ గట్టున నీళ్ళు తాగాలో అది ఫోన్లో చెబుతుంది. జంతువులకి ఫోన్లెక్కడివని అడిగే పెద్దమనుషులు నక్క మాట్లాడుతుందంటే మాత్రం నోరెత్తకుండా నమ్మేస్తారు, కాబట్టి వాళ్ళని వదిలేద్దాం.

యాప్ బాగానే నడిచింది. చిరుతపులి దొర కూడా దానికి కట్టుబడ్డాడు. యాప్ ఇచ్చిన వేళకే వస్తానన్నాడు. ఆ వేళకి కళ్ళెదుట ఎవరైనా కనబడితే మాత్రం తన పూచీ లేదని కూడా మర్యాదగా చెప్పాడు.

తర్వాత గిజిగాడికి వేరే అడవిలో, పెద్ద చెరువు పక్కన ఇంతకంటే మంచి కొమ్మ ఇస్తామని కబురొచ్చింది. వాడు మూటాముల్లె సర్దుకుని ఎగిరిపోయాడు. ఎండలు ముదిరాక ఒకరోజు ముసలి కుందేలు తన స్లాట్‌కి వెళ్ళి మళ్ళీ రాలేదు. అందరూ పోగై నిలదీస్తే చిరుతపులి మూతి తుడుచుకుని తన ఫోన్ చూపించాడు. వేళ సరిగ్గానే ఉంది. కుందేలు ఫోన్ కుందేలుతోపాటే వెళ్ళిపోయింది గనుక అందులో ఏముందో ఎవరికీ తెలియలేదు. యాప్‌కి పిచ్చెక్కిందని అందరూ తీర్మానించారు.

ఆ రోజు నుంచీ దుప్పుల మంద మడుగు వైపు వెళ్ళడం మానేసింది. మందకి పెద్ద వరహాలమ్మ. ఆమె కూతురు అప్పుడే ఈనింది. తెల్లారి ఆకుల మీది మంచు నాకి పెద్దవాళ్ళు ఎలాగో నెట్టుకొస్తున్నారు గానీ, కూతురికి పాలు తగ్గిపోతున్నాయి. పసిది పొదుగు కుమ్మి కుమ్మి, ఏమీ రాక తల్లి మొహంలోకి చూస్తుంటే వరహాలమ్మ చూడలేక మొహం తిప్పుకునేది.

అడవికి పెద్ద ఎలుగుబంటి సింహాచలం. ఆయన సభ పెట్టి తేల్చేశాడు.

"యాప్ బాగుసేసీవోణ్ణి పెట్టాల. అనుభవం ఉన్నోడే కావాల. నేర్చుకుందావని వచ్చినోడు మన పీకల మీద నేర్చుకుంటాడు. వరాలూ, నీ మందే ఎక్కువ నష్టపోతాది. వెతికే పని నువ్వే సూడు."

"నాకు కోడ్ అంటే ఏటో తెలీదు పెద్దయ్యా," అంది వరహాలమ్మ.

"నీకు తెలీనక్కర్లేదమ్మీ. తెలిసినోణ్ణి పట్టుకురా. సన్యాసిరావుని అడుగు."

సన్యాసిరావు అంటే నక్క. బండల సందులో కన్సల్టెన్సీ నడుపుతున్నాడు. ఎక్కడా పని దొరకని జంతువు అతని గుహలో దూరితే, పది రోజుల్లో అనుభవజ్ఞుడై బయటికొస్తుందని పేరు. వరహాలమ్మ వెళ్ళేసరికి గుహ ముందు వరసే ఉంది. వరసకి ఎడంగా, ఎవరితోనూ సంబంధం లేనట్టు ముళ్ళపంది నూకరాజు నేలమీద దుంప పెట్టుకుని కొరుకుతున్నాడు. ఆమె పలకరింపుగా తలాడించినా తిరిగి ఆడించలేదు.

"రండి మేడమ్, రండి," అన్నాడు సన్యాసిరావు. "ఎక్స్‌పీరియెన్స్ ఎంతలో చూపించమంటారు? మూడేళ్ళదా, ఆరేళ్ళదా?"

"చీర బేరానికి రాలేదు బాబూ. పనోడు కావాల."

"అదే మేడమ్. ఆరేళ్ళవాళ్ళు ఇద్దరున్నారు. ఒకరు నెమలి చిట్టిబాబు, ఇంకొకరు కొండముచ్చు పోలిరాజు. ఇద్దరూ నా చేతికింద పనిచేసినవాళ్ళే. నెమలి చెరువు ప్రాజెక్టుకి లీడ్ నేనే."

"నువ్వు యాప్‌లు కూడా సేసినావా?"

"ఎన్నని చెప్పను మేడమ్," అన్నాడు సన్యాసిరావు, చెప్పకుండానే.

"బయట నూకరాజు కూసున్నాడు. ఆడికి ఏటీ రాదా?"

సన్యాసిరావు గొంతు తగ్గించాడు. "వాడి ఊసెత్తకండి. ఏం పని చేశావురా అని అడిగితే, ఏం పాడుచేశాడో అక్కణ్ణించి మొదలెడతాడు. నోరు చూస్తే చీపురుకట్ట. అలాంటివాణ్ణి పంపితే నా పరువేం కాను?"

మర్నాడు వేపచెట్టు నీడలో ఇంటర్వ్యూ. నెమలి చిట్టిబాబు పింఛం విప్పుకుని వచ్చి, అది పూర్తిగా కనబడే కోణంలో నిలబడ్డాడు. సన్యాసిరావు పక్కనే కూర్చుని, ఇక చూడండి అన్నట్టు మీసం సవరించుకున్నాడు.

"నీ పని గురించి సెప్పు బాబూ," అంది వరహాలమ్మ.

చిట్టిబాబు ముక్కు తెరిచాడు. మాట రాలేదు. కాసేపటికి తియ్యటి గొంతు ఒకటి వినిపించింది, చిట్టిబాబు ముక్కు మూసుకున్నాక కూడా వినిపిస్తూనే ఉంది. వరహాలమ్మ పుట్టినప్పట్నుంచీ నెమలి అరుపు వింటోంది. ఆ అరుపుకి మేతలో ఉన్న మంద ఉలిక్కిపడి చెల్లాచెదురవుతుంది. ఇది మాత్రం గోరింక గొంతు, వెనక తుప్పలోంచి వస్తోంది.

"గొంతు మారిందేటి బాబూ?"

"నెట్‌వర్క్ సరిగా లేదు మేడమ్," అన్నాడు సన్యాసిరావు వెంటనే.

"ఎదురుగా నిలబడి మాటాడుతుంటే నెట్‌వర్క్ ఏటి?"

"ఈ కొండ అడ్డం కదండీ."

వరహాలమ్మకి కోడ్ తెలియదు గానీ మందని నడపడం తెలుసు. దుప్పుల్లో ఒక ఆనవాయితీ ఉంది. మందకి ముందు నడిచే దుప్పిని ఎన్నుకునేటప్పుడు ఎన్నేళ్ళుగా బతికున్నావని అడగరు. ఏ రోజు తప్పు వైపు పరిగెత్తావు, ఎవరిని పోగొట్టుకున్నావు, అప్పుడు ఏం చేశావు అని అడుగుతారు. ఎప్పుడూ తప్పు పరుగు తీయలేదన్నదాన్ని వెనక్కి పంపేస్తారు, ఎందుకంటే అది ఎప్పుడూ ముందు నడిచి ఉండదు.

"ఇన్నేళ్ళలో ఎప్పుడైనా పప్పులో కాలేసినావా?" అని అడిగింది.

సన్యాసిరావు చిన్నగా దగ్గాడు. గోరింక అందుకుంది.

"ఒకసారి పండగ పూట నెమలి చెరువు యాప్ పడిపోయింది. అందరూ చేతులెత్తేశారు. నేనొక్కణ్ణే తెల్లవార్లూ కూర్చుని... ఖళ్ ఖళ్... కూర్చుని నిలబెట్టాను. తప్పు నాది కాదు, నా పక్కవాడిది. మా లీడ్ సన్యాసిరావుగారు ఎంతో మెచ్చుకున్నారు."

"నీ తప్పు సెప్పమంటే పక్కోడి తప్పు సెప్పినావు."

చిట్టిబాబు ముక్కు తెరిచి అలాగే ఉంచాడు. తుప్పలోంచి ఏమీ రాలేదు.

తర్వాత కొండముచ్చు పోలిరాజు వచ్చాడు. ఇతను గోరింక సాయం లేకుండా సొంత నోటితోనే మాట్లాడాడు. వరహాలమ్మకి కాస్త ఆశ పుట్టింది. అదే ప్రశ్న వేసింది.

"ఒకసారి పండగ పూట నెమలి చెరువు యాప్ పడిపోయింది. అందరూ చేతులెత్తేశారు. నేనొక్కణ్ణే తెల్లవార్లూ కూర్చుని..." అని ఆగి, పోలిరాజు రెండుసార్లు దగ్గాడు. "కూర్చుని నిలబెట్టాను."

దగ్గుతో సహా బట్టీపట్టాడు. వరహాలమ్మకి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఇంట్లో పసిది పాలు లేక మూలుగుతుంటే తను ఇక్కడ కూర్చుని దగ్గులు వింటోంది.

"ఇద్దరిలో ఎవరైనా సరే మేడమ్," అన్నాడు సన్యాసిరావు. "పెద్దయ్యకి నేను మాటిచ్చేశాను. సాయంత్రం సభలో మీరు ఊఁ అంటే చాలు. రేపట్నుంచి మీ మంద నిశ్చింతగా నీళ్ళు తాగొచ్చు."

అక్కడ్నుంచి ఆమె తిన్నగా మడుగు ఒడ్డున ముళ్ళపంది బొరియకి వెళ్ళింది. నూకరాజు పగటి నిద్ర చెడగొట్టినందుకు ముందు తిట్టాడు, తర్వాతే బయటికొచ్చాడు.

"ఏటి?"

"ఎప్పుడైనా పప్పులో కాలేసినావా నూకరాజూ?"

"కాలేటి, నిలువునా మునిగినాను," అన్నాడు. "మా పాత అడవిలో వాగుకి ఇలాటి యాప్ నేనే సేసినాను. వాగు నిండుగా ఉన్నప్పుడు ఈ గట్టుకీ ఆ గట్టుకీ ఒకే వేళ ఇచ్చీవోణ్ణి. మద్దిని నీళ్ళున్నాయి కదా, ఎవరి గట్టు ఆళ్ళది. బాగానే నడిసింది. ఎండలకి నీళ్ళు ఇంకిపోయి రెండు గట్లూ ఒకటైపోనాయి. యాప్‌కి ఆ సంగతి ఎవరు సెప్తారు? నాను సెప్పాల. సెప్పలేదు. రెండు పందులు అవతలి గట్టు పులికి దొరికిపోనాయి. అందులో ఒకడు నాకు రోజూ దుంపలు తెచ్చిపెట్టీవోడు."

అతని ముళ్ళు చిన్నగా గలగలమన్నాయి.

"అప్పట్నుంచి ముందు నీళ్ళు సూసి, ఆ తర్వాతే కోడ్ సూస్తాను. ఇంతకీ మీ గిజిగాడు కూడా గట్టుకి గట్టుకి ఒకే వేళ ఇచ్చీసినాడేటి?"

వరహాలమ్మ తిరిగి మడుగు వైపు చూసింది. వానాకాలంలో ఆ గట్టు మీద నిలబడ్డవాడు ఎవరో పోల్చుకోలేనంత వెడల్పుండే మడుగు. ఇప్పుడు నడుమ మిగిలింది బురదతో కలిపి ఒక గెంతు మేర. తూర్పు గట్టు, పడమటి గట్టు అని ఫోన్లో ఇంకా వేరువేరుగానే ఉన్నాయి. యాప్‌కి పిచ్చెక్కలేదు, అది ఇంకా వానాకాలంలోనే ఉంది.

"బాగుసేసీగలవా?"

"అదేం పెద్ద పని కాదు. నీళ్ళు తగ్గినాక రెండో గట్టు తీసీడమే. ఎక్కడ తీయాలో తెలాల. ఇంకొకటి, నా పనిలో నక్క ఏలు పెట్టకూడదు. నన్నెవరూ పగలు లేపకూడదు. ఇష్టమైతే పెట్టుకో, లేపోతే పో."

"పెద్దయ్య సన్యాసిరావు మాటే నమ్ముతాడు."

"అది నీ గొడవ," అని నూకరాజు లోపలికి పోయాడు.

ఆమె అక్కడే నిలబడి ఆలోచించింది. తను వెళ్ళి నక్క అబద్ధాలకోరు అంటే సభ నమ్మదు. కోడ్ తెలియని దుప్పి మాట ఒకవైపు, ఊరందరికీ ఉద్యోగాలిప్పించిన నక్క మాట ఒకవైపు. నెమలినో కొండముచ్చునో పెడతారు, రేపు తన కూతురే నీళ్ళకి వెళుతుంది. అప్పుడు నక్క అన్న మాటలే ఒక్కొక్కటీ నెమరేసుకుంది. దుప్పికి అది పుట్టుకతో వచ్చిన విద్య కదా.

ఎండ చల్లబడ్డాక మడుగు ఒడ్డునే సభ కూడింది. చిరుతపులి దొర తూర్పు గట్టు బండమీద పడుకుని, వినీ విననట్టు తోక ఊపుతున్నాడు.

"ఏటమ్మీ, ఎవరు కుదిరినట్టు?" అన్నాడు సింహాచలం.

"ఇద్దరూ మాణిక్యాలే పెద్దయ్యా," అంది వరహాలమ్మ. "ఒకరు సెప్పిందే ఇంకొకరు సెప్పినారు, అచ్చు పొల్లు పోకుండా. ఎవరు నేర్పినారంటే ఇద్దరూ సన్యాసిరావు బాబు పేరే సెప్పినారు. ఏం బాబూ, నీ సేతికిందే కదా?"

"నా చేతికిందే," అన్నాడు సన్యాసిరావు, ఛాతీ కాస్త విరిచి. "అక్షరం అక్షరం నేను దిద్దించినదే."

"నెమలి సెరువు యాప్‌కి లీడ్ నువ్వే?"

"నేనే మేడమ్."

"అందరూ వినండి. నేర్చుకున్నోళ్ళే ఇంత బాగుంటే నేర్పినోడు ఇంకెంత బాగుండాల? గురువుని ఎదర పెట్టుకుని శిష్యుల్ని పెట్టుకోడం ఏటి పెద్దయ్యా? ఉద్యోగం సన్యాసిరావు బాబుకే ఇచ్చీండి."

సభ అంతా భేష్ అంది. సింహాచలం తొడ చరిచాడు. ఇంత తేలిక ఉపాయం తనకెందుకు తట్టలేదా అని ఆశ్చర్యపోయాడు. సన్యాసిరావు మొహంలో మాత్రం మీసాలు తప్ప అన్నీ కిందికి జారాయి.

"మేడమ్, నేనిప్పుడు మేనేజ్‌మెంట్ వైపు వెళ్ళిపోయాను. కోడ్‌లో చేతులు పెట్టి చాలా కాలమైంది."

"అయ్యో, సేతులెట్టకుండానే ఇంతమందికి దిద్దించినావా?"

"అంటే పెట్టాను, పెట్టలేదని కాదు..."

"పెట్టినావా, లేదా?" అన్నాడు సింహాచలం. ఆయన గొంతులో కొంచెం ఎలుగుబంటి వినిపించింది.

"పెట్టానండి."

"మరింకేటి? కూసో. బేగి సెయ్యి."

గిజిగాడు వదిలిపోయిన పాత ఫోను సన్యాసిరావు ముందు పెట్టారు. అతను దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కళ్ళు తుప్ప వైపు వెళ్ళాయి. తుప్పలో గోరింక ఉంది గానీ, దానికి ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలకి జవాబులే తెలుసు. ఎవరూ ఏమీ అడగనప్పుడు ఏం చెయ్యాలో దానికి మాత్రం ఎవరు నేర్పారు? సన్యాసిరావు ఏదో నొక్కాడు, ఇంకేదో నొక్కాడు. చివరికి నీలంగా ఉండే యాప్‌ని ఆకుపచ్చగా మార్చి, నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"అయిపోయింది. లోపల చాలా సమస్యలున్నాయి, అన్నీ సరిచేశాను."

"రంగు బాగుంది," అన్నాడు నెమలి చిట్టిబాబు, తన సొంత గొంతుతో. అందరూ ఉలిక్కిపడ్డారు.

"సంతోషం బాబూ," అంది వరహాలమ్మ. "మా మందలో దారి సూపినోళ్ళే ముందు నీళ్ళలో మూతి పెడతారు. సూసి మిగతావోళ్ళం తాగుతాం. నీ స్లాట్ ఎప్పుడు?"

సన్యాసిరావు ఫోన్ చూశాడు. నక్కలకి ఈ సాయంత్రమే, పడమటి గట్టు. ఆ గట్టు మీద వేరెవరూ లేరని కూడా రాసుంది. అతని ప్రాణం కుదుటపడింది.

"ఇప్పుడే మేడమ్."

తూర్పు గట్టు మీద చిరుతపులి కూడా తన ఫోన్ చూసుకుని, లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. అది వరహాలమ్మ చూసింది. నక్క దొంగే, కానీ దొంగైనా ప్రాణమే కదా అనిపించింది. అతను ఒక్క ప్రశ్న అడిగినా నిజం చెప్పేద్దామనుకుంది.

"సన్యాసిరావు బాబూ, తాగే ముందు సూడాల్సింది, అడగాల్సింది ఏదైనా ఉందా?"

"అన్నీ చూశాను మేడమ్. నా అనుభవంలో ఇలాంటివి..."

"అయితే తాగు," అంది.

అతను దర్జాగా దిగి నీళ్ళలో మూతి పెట్టాడు. కళ్ళు మూసుకుని రెండు గుక్కలు తాగాడు. కళ్ళు తెరిస్తే నీళ్ళలో రెండు మొహాలు కనిపించాయి, ఒకటే తనది.

"నాది తూర్పు గట్టు," అన్నాడు చిరుతపులి సౌమ్యంగా. "మీది పడమటిదనుకుంటాను. యాప్‌లో అంతా సవ్యంగానే ఉంది. రంగు కూడా బాగుంది."

"దొరా, ఆగండి, నాకు రాదు," అన్నాడు సన్యాసిరావు వెనక్కి జరుగుతూ. "నేనెప్పుడూ ఏ యాప్ చెయ్యలేదు. నెమలి చెరువన్నది అసలు లేదు. ఆ దగ్గు కూడా గోరింకదే."

ఇదంతా సభ మొత్తం వినేటట్టే చెప్పాడు. చెప్పి తిరిగి పరుగెత్తబోతే చిరుతపులి పంజా ఒకటి వెనక భాగం మీద గీసుకుపోయింది. కనబడ్డ మొదటి బొరియలో దూరాడు. అది నూకరాజుది. పగలు తనని లేపకూడదని నూకరాజు చెప్పే ఉన్నాడు, అయితే అది నక్కకి చెప్పలేదు. లోపల గలగలమని చప్పుడైంది. సన్యాసిరావు వెళ్ళినదానికంటే వేగంగా బయటికొచ్చాడు, గీతలు పడ్డచోటే ముళ్ళు కూడా దిగబడి ఉన్నాయి.

చిరుతపులి అతన్ని తరమలేదు. "నక్క మాంసం తింటే వారం రోజులు నోరు కంపు," అని నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

"మరి నా ఆరేళ్ళ అనుభవం?" అన్నాడు కొండముచ్చు పోలిరాజు బెంగగా.

నూకరాజుని పన్లో పెట్టారు. అతను ముందు మడుగు చుట్టూ నడిచాడు, నీళ్ళలో కాలు పెట్టి లోతు చూశాడు, గిజిగాణ్ణి నాలుగు తిట్లు తిట్టి రెండో గట్టు తీసేశాడు. నీళ్ళు మళ్ళీ పెరిగితే యాప్ దానంతటదే రెండో గట్టు తెరిచేటట్టు కూడా పెట్టాడు. తర్వాత అందరి మీదా విసుక్కుని పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్న దుప్పుల మంద నీళ్ళు తాగింది. వరహాలమ్మ కూతురు తలెత్తకుండా తాగింది. సాయంత్రానికి పొదుగులో పాలు దిగాయి. పసిది చీకుతున్న చప్పుడు వింటూ వరహాలమ్మ ఏడ్చింది. ఎందుకేడుస్తున్నావని కూతురడిగితే, ఎండకి కళ్ళు మండుతున్నాయంది.

సన్యాసిరావుని అడవి నుంచి తరిమేద్దామని సింహాచలం అన్నాడు. వరహాలమ్మ వద్దంది. ఆమె అతనికి వేరే ఉద్యోగం ఇప్పించింది. నూకరాజు యాప్‌లో ఏ చిన్న మార్పు చేసినా మొదటి గుక్క సన్యాసిరావే తాగాలి. మొదటివారం ఏడుస్తూ తాగాడు. తర్వాత తాగేముందు గట్లు చూడటం నేర్చాడు, ఫోన్ రెండుసార్లు చదవడం నేర్చాడు, ఇది ఎందుకిలా ఉందిరా అని నూకరాజుని పీడించి తిట్లు తినడం కూడా నేర్చాడు.

వానలు పడేనాటికి పక్క అడవివాళ్ళు తమ వాగు యాప్‌కి పనివాడు కావాలని వచ్చారు. సన్యాసిరావు ఇంటర్వ్యూకి వెళ్ళాడు, తుప్పలో ఎవరినీ పెట్టుకోలేదు. ఎప్పుడైనా పప్పులో కాలేశావా అని వాళ్ళడిగారు. అతను దగ్గలేదు, పండగ పూట గురించి చెప్పలేదు. లేచి వెనక్కి తిరిగి, తోక పక్కకి తప్పించి చూపించాడు.

నీతి: ఒకరు నేర్పిన అనుభవం నోటిదాకా వస్తుంది, ఒంటిమీద పడిన అనుభవమే పనిదాకా వస్తుంది.